వాడ ముచ్చట్లు – 23: అవ్వ గొంతు ఏ ఫోల్డర్ల పెట్టాలె



పోయిన ముచ్చటల పెట్టిన ఫోటోల, అంబేద్కర్ పటం కింద గూట్ల ఒక నల్ల డబ్బా కనవడ్డదని ఇన్‌బాక్సుల శానమంది అడిగిండ్రు. డిష్ డబ్బానా అన్నరు ఒకలు. సీసీ కెమెరాలు పెట్టిచ్చినవా, ఎవలన్న బెదిరిస్తున్నరా అని ఒక అక్క పరేషానై ఫోనే చేసింది. రెండూ కాదు. అండ్ల మా పెద్దబాపు ఉన్నడు. మా బాపు ఉన్నడు. మా అవ్వ గుడ ఉండె, ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్పేటందుకే ఇయ్యాల కూసున్న.

అది పాటల డబ్బా. అరచెయ్యంత కంప్యూటర్ బోర్డు, రాస్ప్‌బెర్రీ పై అంటరు. దానికి ఒక హార్డ్ డిస్క్. రెండూ కలిపి రౌటర్‌కు వైరుతోని తగిలిచ్చి పెట్టిన. మా ముప్కాల్ వాడల మూడు చోట్ల మూడు బుడ్డ ప్లేయర్లు ఉన్నయి: అవ్వ అర్రల ఒకటి, నా రూముల ఒకటి, సంఘం భవన్‌ల ఒకటి. ఏ కాడ బటన్ ఒత్తినా పాట ఈ డబ్బాల నుంచే పోతది. మూడింటినీ జోడిస్తే మూడు చోట్ల ఒక్కతీరుగ, ఒక్క దెబ్బ ఎన్కముందు కాకుంట మోగుతది. నెట్ రీచార్జ్ అయిపోయినా నడుస్తది. ఈ ముక్క మా పోరగాళ్లకు సమజ్ చేసేటందుకే నాకు నెల పట్టింది. వైఫై అంటే నెట్ అనుకుంటరు వాళ్లు. వైఫై అంటే వాడల సందు, నెట్ అంటే ఊరి ముంగట హైవే. ఈ ఇంట్ల నుంచి ఆ ఇంట్లకు పోవుటానికి హైవే ఎక్కుడు ఎందుకురా అని చెప్పిన.

ఇగ అండ్ల ఏమున్నయో చెప్త.

మా పెద్దబాపు బోధన్ శక్కర్ ఫ్యాక్టరీల సీజన్ కూలి. చెరుకు ఆడినన్ని నెలలు శక్కర్‌నగర్‌ల, కడమ నెలలు ఇంటికాడ. నిజాం జమానాల, 1937ల పెట్టిన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాల్నే పెద్దదని పెద్దబాపు తన సొంతదే అన్నట్టు చెప్పేటోడు. 2015 డిసెంబర్ల మూతవడ్డది. ఆయన దాన్ని చూడకముందే పోయిండు, మంచిగైంది. బోధన్ దాటి సాలూర కాడ మంజీర బ్రిడ్జి ఎక్కితే అటు దిక్కు మరాఠి. ఫ్యాక్టరీల తనతోని పనిచేసే నాందేడ్ దిక్కు మహర్ దోస్తులు ఆయనకు భీమ్ గీతాల కేసెట్లు ఇచ్చేటోళ్లు. వామన్‌దాదా కర్డక్ రాసిన పాటలు మా ఇంట్ల తెలుగు పాటల కన్న ముందు మోగినయి. మాకు మాట తెల్వకపోవు, పేరు తెలుస్తుండె. పేరు వచ్చినప్పుడల్ల పెద్దబాపు చెయ్యి లేపేటోడు, మేమూ లేపేటోళ్లం.

మా మ్యానమామ మస్కట్ నుంచి టూ-ఇన్-వన్ తెచ్చిండు. అప్పటి సంది పెద్దబాపుకు రికార్డు చేసుడు పిచ్చి పట్టింది. ఎర్ర బటన్, దాని పక్క బటన్ రెండూ కలిపి ఒత్తుడు, గంతే. నాట్లకాడ ఆడోళ్లు పాడితే రికార్డు. చిందోళ్లొచ్చి రాత్రంత జాంబపురాణం ఆడితే రికార్డు. పెండ్లి, చావు, సంఘం మీటింగ్, ఏదైనా సరే. కొత్త కేసెట్ కొన పైసలు లేకుంటే సినిమా పాటల కేసెట్ మీదనే ఎక్కిచ్చేటోడు. కంపెనీ కేసెట్ మీద రికార్డు కాకుంట ఎన్క చిన్న పలుకు ఇరగ్గొట్టి ఉంటది కద, ఆ సందుల కాయితం ముద్ద కుక్కేటోడు. అట్ల మా బాపు డప్పు కింద ఇప్పటికీ ఒక సినిమా డ్యూయెట్ పండుకొని ఉన్నది. శెవి పెట్టి ఇంటే, డప్పు ఆగిన కాడ సన్నగ ఇనొస్తది.

జర పక్కకు పోత. కేసెట్‌ను ఫిలిప్స్ కంపెనోళ్లు 1963ల బయటికి తెచ్చిండ్రు. అదే ఏడు నెహ్రూ వచ్చి మా పోచంపాడుకాడ ప్రాజెక్టుకు పునాది రాయి ఏసిండు. రెండూ మా దాక వచ్చేటాలకు ఇరవై ఏండ్లు పట్టింది. కాల్వ నీళ్లు మొదలు ఎవల పొలంల వారినయో చెప్పనక్కర్లేదు. కేసెట్ మాత్రం అట్ల కాలే. రికార్డింగ్ అంటే పట్నంల స్టూడియో, పెద్ద కంపెనీ అన్న రోజులు పోయి, పాడెటోని ముంగట ఎర్ర బటన్ ఒత్తితే రికార్డు అయ్యె రోజులొచ్చినయి. ఉత్తర హిందుస్తాన్ల దీని మీద పీటర్ మాన్యుయెల్ అనే ఆయన 'కేసెట్ కల్చర్' అని 1993ల పుస్తకమే తీసిండు. మన దిక్కు అట్లాంటి పుస్తకం రాయాలంటే గద్దర్ కేసెట్ల కాడ మొదలుపెట్టాలె. కారంచేడు తర్వాత మాస్టార్జీ పాటలు ఎట్ల ఊరూరు తిరిగినయో రాయాలె. గూడ అంజన్న పాటను ఆయన పేరు తెల్వకుంటనే ఎన్ని వేల మంది పాడిండ్రో రాయాలె. ఎవలన్న యూనివర్సిటీ పిల్లలు చదువుతుంటే, మంచి పనుంది తమ్మీ, పట్టుకోండ్రి.

పెద్దబాపు పోయినంక కేసెట్లన్నీ శక్కర్ సంచిల అటుక మీద ఉన్నయి. 137. వానకాలం ఊరిసి తెల్ల బూజు పట్టినయి. అంతకుముందు ఒకపారి కొన్నిటిని ఫోన్‌తోని స్పీకర్ ముంగట పెట్టి రికార్డు చేసిన, ఆ ఫోన్ నీళ్లల్ల పడ్డది, నలభై పాటలు పోయినయి. ఇంకోపారి యూట్యూబ్‌ల పెట్టిన. మా వాడ ఆడోళ్లు నాట్లకాడ పాడిన పాట మీద ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీ వచ్చి ఇది మాది అన్నది! సినిమాల ఎవలో ఆ బాణీ వాడుకున్నరట. కూలి పాట ఎత్తుకపోయినోడు సొంతదారు, పాడినోళ్లు దొంగలు. రెండు పేజీలు రాసి పంపిస్తె జవాబు రాలే. అప్పుడే అనుకున్న, మన పాటలు మన ఇంట్లనే, మన డబ్బాలనే ఉండాలె అని.

నిజామాబాద్ పాత సామాన్ల దుకాణంల ఒక డెక్ దొరికింది. దాని బెల్టు సాగిపోయింది, మార్పిచ్చిన. హెడ్డును స్పిరిట్ల ముంచిన దూదితోని తుడిచిన. బూజు పట్టిన కేసెట్‌ను అట్లనే ఏస్తె హెడ్డుకంటుకుంటది, దాని ఎన్క ఏసినయన్నీ ఖరాబ్. అందుకే ముందు అవి ఇప్పి, రీలు చేతితోని తిప్పుకుంట మెత్త గుడ్డతోని తుడవాలె. లోపట చిన్న రాగి పట్టీకి అంటిన దూది ముక్క ఉంటది, రీలును హెడ్డుకు ఒత్తేది. సగం కేసెట్లల్ల అది ఊడిపోయింది. సచ్చిన సినిమా కేసెట్ల నుంచి పీకి అతికిచ్చిన. దాంట్ల ఇంకో తిరకాసు ఉన్నది. పెద్దబాపు టూ-ఇన్-వన్ హెడ్డు ఎంత వంపుల ఉండెనో నా డెక్ హెడ్డు అంత వంపుల లేదు. గొంతు దుప్పటి కప్పుకొని పాడినట్టు ఇనవడ్తది. హెడ్డు పక్క ఒక చిన్న స్క్రూ ఉంటది, పాట నడుస్తుంటే దాన్ని ఎంట్రుకంత తిప్పుకుంట పోతే ఒక్కకాడ దుప్పటి లేస్తది. ప్రతి కేసెట్‌కు ఇట్లనే. మూడు నెలలు మా ఇంట్ల రాత్రి పది దాటినంక ఇదే పని.

కంప్యూటర్లకు ఎక్కిచ్చినంక గంట పాట అసలు సైజుల ఆరొందల ఎంబీ అయితది. ఫ్లాక్ అనే ఫార్మాట్ల కుదిస్తె దాదాపు సగం. కుదిచ్చినా ఒక్క రవ్వ పోదు, మళ్ల ఇప్పితే అసలుకు అసలు వస్తది. ఎంపీత్రీ అట్ల కాదు, మనిషి శెవికి తెల్వదని కొన్నిటిని అదే తీసి పారేస్తది. ఏది ఇనాలె ఏది ఇనద్దు అని ఇంకోడు తీర్మానం చేసుడు నాకు నచ్చలే, ఫ్లాకే పెట్టిన. అన్నీ కలిపి 41 జీబీ అయినయి. మా తమ్ముని పెండ్లి వీడియో ఇంతకన్న పెద్దది.

14-4-91 అని నీలి పెన్నుతోని రాసిన కేసెట్ గురించి చెప్పాలె.

మా బాపు డప్పు కొట్టేటోడు. మాదిగ డప్పు. మేము అప్పుడు ముప్కాల్‌ల లేము, వేరే ఊరు, దాని పేరు ఇక్కడ రాయను. అక్కడ ఊరి పెద్దలింట్ల పీనుగ లేస్తె బాపు పోయి కొట్టాలె. ఉత్తగనే. కల్లు, ఇంత బువ్వ, గదే కూలి. సంఘం పెట్టుకున్నంక వాడోళ్లంత కూసొని ఇగ కొట్టమన్నరు. కొట్టకపోతే ఏమైతదో మా దిక్కు పుట్టినోళ్లకు తెలుసు. దుకాణంల ఉప్పు ఇయ్యలే. పనికి పిలువలే. బర్రె ఇంకోని చేన్లకెళ్లి నడిస్తె జుర్మానా. అవ్వ బీడీల మీదనే ఇల్లు నడిచింది. ఏడాదికి బాపు మమ్ముల పట్టుకొని అవ్వ పుట్టిన ఊరు ముప్కాల్‌కు వచ్చిండు. డప్పు గోడకు తగిలిచ్చిండు. నాకు తెలిసి మళ్ల కొట్టింది ఒక్కపారే. అంబేద్కర్ శతజయంతి నాడు. వాడకాడ పొయ్యి రాజేసి డప్పు కాపిండు, బస్టాండ్ దాక కొట్టుకుంట పోయిండు. పెద్దబాపు టూ-ఇన్-వన్ భుజానికేసుకొని పక్కపొంటి నడిచిండు. ముప్పయి నిమిషాలు, కేసెట్ ఒక్క పక్క.

ఆ కేసెట్ ఎక్కిచ్చి ఇంటే దెబ్బలు ఉరుకుతున్నయి. బాపు గొంతు ఒక్కకాడ వస్తది, "జరగుండ్రి జరగుండ్రి" అని, పదేండ్ల పోరని తీరుగ ఉన్నది. రికార్డు చేసేటప్పుడు సెల్లులు అయిపోవస్తె రీలు మెల్లగ తిరిగింది. ఇప్పుడు సరైన వేగంల తిప్పితే ఉరుకుతది. కంప్యూటర్ల వేగం తగ్గియ్యచ్చు, కని ఎంత తగ్గియ్యాలె? కొలత ఏది? బీడీలు చుట్టుకుంట కూసున్న అవ్వను పిలిచిన. రెండు శాతం తగ్గిచ్చి ఇనిపిచ్చిన. "మీ బాపు ఇంత ఉరుకులాడకపోవు" అన్నది. నాలుగు. "ఇంకా." ఆరు శాతంకు వచ్చేటాలకు బీడీ చుట్టే చెయ్యి ఆగింది. "ఆఁ, గంతే" అన్నది. గంతే అని ఫైల్ కింద రాసి పెట్టిన: వేగం సరిచేసింది అవ్వ.

ఆ రికార్డింగ్ మీద నేను ఒక తప్పు చేసిన. సర్రుమనే చప్పుడు తీసేసే ఆప్షన్ ఉంటది కద, దాన్ని ఫుల్లుగ పెట్టిన. శుభ్రంగ అయింది. మళ్ల ఇంటే మొదట్ల డప్పు కాపేటప్పటి పొయ్యి చిటపటలు పోయినయి. మంట అంటే కంప్యూటర్‌కు చెత్త. మళ్ల మొదటి నుంచి చేసిన.

డబ్బా కట్టుడు అంత కష్టం కాలే. అండ్ల నడిచే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ది చిన్న కథ. అమెరికాల ఒక చిన్న కంపెనీ చేసింది, 2006ల లాజిటెక్ కొన్నది, 2012ల ఆ ప్లేయర్లు చేసుడే బంద్ పెట్టింది. సాఫ్ట్‌వేర్ మాత్రం అందరికీ ఇప్పి పెట్టింది గనుక వాడెటోళ్లే దాన్ని బతికిచ్చుకున్నరు, ఇప్పుడు లిరియన్ అంటున్నరు. ప్లేయర్ల దిక్కు పైకోర్ ప్లేయర్ అని ఏసిన. అది మెమొరీ కార్డు మీద రాసుకోకుంట ర్యామ్‌లనే నడుస్తది, కరెంటు ఎన్నిసార్లు పోయినా కార్డు ఖరాబ్ కాదు. వానకాలం మా కరెంటు సంగతి తెలిసినోళ్లకు దీని విలువ తెలుస్తది. హార్డ్ డిస్క్ ఉన్న పెద్ద డబ్బాకు, రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టిన. భవన్ దాక వైఫై అందకపోతే నాలుగిండ్ల మీదికెళ్లి లాన్ వైర్ గుంజిన. ఇంటికొకరు నిచ్చెన పట్టిండ్రు.

అవ్వకు ఫోన్ నచ్చదు. వేలు పెడితే అటుదిటు పోతదంటది. అందుకే ఆమె ప్లేయర్‌ను మస్కట్ టూ-ఇన్-వన్ లోపట్నే పెట్టి, దాని స్పీకర్‌కే కలిపి, మూడు బటన్లు బిగిచ్చిన. మోగు, ఆగు, తర్వాతది. తునికాకు కత్తిరిచ్చుకుంట, తంబాకు నింపుకుంట మోచేతితోని ఒత్తుతది.

అసలు కష్టం పేర్ల కాడ వచ్చింది.

ప్రతి పాటకు సర్వర్ కొన్ని గడులు అడుగుతది. పాట పేరు, కళాకారుడు, ఆల్బమ్, రకం, ఏడు. నింపకుంటే 'తెల్వని కళాకారుడు' అని అదే ఏస్తది. మొదటి దినం తెర మీద చూస్తె 137 కేసెట్లు అన్నీ ఒక్కని కిందనే ఉన్నయి. తెల్వని కళాకారుడు! మా అవ్వ, మా చిన్నమ్మలు, నాందేడ్ దోస్తులు, చిందోళ్లు అంత ఒకటే మనిషి. దుకాణంల అమ్మే జానపదాల సీడీ అట్టల మీద మాత్రం వేరే ఏమున్నది? 'సేకరణ' అని ఒకని పేరు ఉంటది. పాట కట్టినోని పేరు కాడ 'జానపదం' అని ఉంటది. జానపదం అంటే ఎవలూ కట్టనిదా? మా దిక్కు నాట్లకాడ పాడే ఒక పాటను ఏ ముసలవ్వ, ఏ కరువు సంవత్సరం కట్టిందో చెప్పేటోళ్లు ఇంకా బతికే ఉన్నరు. పోయి అడగాలె, గంతే.

పోయి అడిగిన. ఏడాది పట్టింది. కేసెట్ పట్టుకొని, ఫోన్ల ఇనిపిచ్చుకుంట. 'చిందోల్లు – రాత్రి' అని రాసిన నాలుగు కేసెట్ల కోసం బోధన్ దిక్కు మూడుసార్లు పోయిన. చిందుల ఎల్లమ్మదేనా అని శానమంది అడిగిండ్రు. కాదు. ఆమె మన జిల్లా బిడ్డ, 2005ల పోయింది, ఆమె గొంతు మా సంచిల ఉంటే నేను ఈపాటికి ఊరంత దండోరా ఏస్తుంటి. ఇది వేరే మేళం. ఆ మేళంల జాంబవుని ఏషం కట్టినాయన మనుమడు దొరికిండు, ఆటో నడుపుతడు. తాత గొంతు పుట్టినంక ఇనలేదట. ఆటో ఆపి, హ్యాండిల్ మీద తల పెట్టుకొని ఇన్నడు. ఏడుగురి పేర్లు రాపిచ్చిండు. 2024ల గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ ఆటో తమ్ముడే నాకు మొదలు ఫోన్ చేసిండు, "అన్నా మన చిందుకు వచ్చింది" అని.

ఆ ఏడుగురి పేర్లు నా డబ్బాల 'కళాకారుడు' కాడ ఉన్నయి. 'రకం' కాడ జానపదం తీసేసి చిందు యక్షగానం అని పెట్టిన. తెలుగుల పేర్లు రాస్తె నా రూముల ప్లేయర్ తెర మీద అన్నీ గడులు గడులు పడ్డయి, ఫాంట్ ఎక్కిస్తె మంచిగైంది. నాట్ల కేసెట్లల్ల తొమ్మిది మంది ఆడోళ్ల గొంతులు అవ్వ గుర్తువట్టింది, తొమ్మిది పేర్లు రాసిన. అవ్వ పేరు గుడ రాసిన. తెర మీద ఆమె పేరు మెరుస్తుంటే ఫోటో తీసి ఇక్కడే పోస్ట్ పెట్టిన, యాదికుందా? ఆరొందల లైకులు వచ్చినయి. 'తెల్వని కళాకారుడు ఇగ లేడు' అని రాసిన. మస్తు సంబురపడ్డ.

మొన్నటి ఏప్రిల్ 14 సాయంత్రం భవన్ల అందరం కలిసినం. ఉపన్యాసాలు అయినంక బువ్వ తినేటప్పుడు ఏదన్న మోగనీయుండ్రి అంటే డబ్బాను కలిపి కలిపి ఏసే తీరుగ పెట్టిన. దాని ఇష్టమొచ్చిన పాట అది తీస్తది. గద్దర్ వచ్చింది, మరాఠి వచ్చింది, పోరగాళ్లు ఎగిరిండ్రు. ఎనకనే నాట్ల కేసెట్ నుంచి ఒకటి వచ్చింది. అవ్వ గొంతు. నేను ప్లేట్లు పంచుకుంట తిరుగుతున్న, "మా అవ్వ, మా అవ్వ" అని పక్కోనికి చెప్పుకున్న. అవ్వ ఇంటికాడనే ఉన్నది, ఆమె ప్లేయర్ గుడ భవన్‌కు జోడిచ్చే ఉన్నదని నాకు యాదికి లేదు. ఇంటికొచ్చే వరకు వైరు పీకేసి ఉన్నది. కరెంటు ఏమన్న అయిందేమో అనుకొని మళ్ల పెట్టిన.

పది దినాలకు అవ్వ బీడీ కార్ఖాన నుంచి వస్తుంటే ఎదురుంగ ట్రాక్టర్ వచ్చిందట. పెద్ద పెద్ద స్పీకర్లు. అండ్ల అవ్వ గొంతు. కింద డీజే దరువు. మా వాడ పోరగాడే ఒకడు ఆ రాత్రి ఫోన్ల రికార్డు చేసుకొని, దరువు కలిపి రీల్ చేసిండు. మంచి మనసుతోనే చేసిండు, 'మన అవ్వల పాట' అని కింద రాసిండు, పేరు గుడ పెట్టిండు. పేరు పెట్టుమని నేనే కద అందరికీ చెప్పింది.

అవ్వ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని కూసున్నది. కోపం చెయ్యలే. "నా పిల్ల పాట ఆ ట్రాక్టర్ల ఎందుకున్నదిరా?" అన్నది.

నాకు సమజ్ కాలే. మళ్ల అడిగితే చెప్పింది. నాకన్న ముందు ఒక ఆడిపిల్ల ఉండె, పదినెలల పిల్ల, వాంతులు విరేచనాలై పోయింది. ఈ ముచ్చట నాకు తెలుసు, ఇంట్ల ఎవలూ మాట్లాడరు. పిల్ల పోయిన పద్నాలుగో దినమే నాట్లకు పోయిందట. పోకుంటే ఎట్ల గడుస్తది. బురదల వంగి అందరితోని పాడుకుంట పాడుకుంట, పాట నడుమ తన పిల్ల పేరు వచ్చింది. బాణీ అదే, మాటలు మారినయి. పక్కోళ్లు ఆపలే, వంత పాడుకుంటనే నాటేసిండ్రు, ఆమె ఎంతసేపు పాడితే అంతసేపు. గట్టు మీద పెద్దబాపు ఎర్ర బటన్ ఒత్తి ఉంచిండు. నేను ఈ కేసెట్‌ను తక్కువల తక్కువ ఇరవై సార్లు ఇన్న. హెడ్డు వంపు సరిచేసిన, సర్రు తగ్గిచ్చిన, అవ్వ పేరు రాసిన. నడుమల వచ్చే ఆ పేరు ఏదో పువ్వు పేరు అనుకున్న.

తొమ్మిది మంది గొంతులు ఆమెతోని గుర్తువట్టిచ్చుకున్ననాడు కేసెట్ మొదలు మొదలే ఇనిపిచ్చిన. "అందరూ మనోళ్లే" అని పేర్లు చెప్పింది, లేచి పోయింది. ఎందుకు లేచిందని అడగలే. పేరు రాయాలె, రాస్తె న్యాయం జరిగినట్టే అని నా తలకాయల ఉన్నది. రాయన్నా అని ఆమెను అడగలే నేను. అడగకుంట ఎత్తుకపోయిండ్రని కంపెనీకి రెండు పేజీలు రాసినోన్ని.

పోరగాడు తెలిసినంక ఏడ్చుకుంట వచ్చిండు, అవ్వ కాళ్ల కాడ కూసున్నడు. రీల్ తీసేసిండు. అవ్వ వానికి చాయ్ పోసింది. అప్పటికే ఎంతమంది దించుకున్నరో లెక్క లేదు.

"ఇంకా ఎక్కడెక్కడ ఉన్నది?" అని అడిగింది అవ్వ. నేను ఏండ్ల మీద లెక్కవెట్టి చెప్పిన. డబ్బాల ఒకటి. డిస్క్ పోతే కష్టమని ఇంకో డిస్క్‌ల ఒకటి, అది బీరువాల. ఇల్లు కాలినా ఉండాలెనని నిజామాబాద్‌ల దోస్తు ఇంట్ల మూడోది. దుబాయ్‌ల తమ్ముడు వీపీఎన్‌తోని ఇంటి డబ్బాల పాటలు ఇంటడు, వాని ఫోన్ల దించుకున్నది నాలుగు. పోవద్దు, పోవద్దు అని నేను ఇన్నిచోట్ల దాచిన. ఆమె ఇంటుండి, "అన్నిట్ల తీసెయ్యి" అన్నది.

తీసేస్తుంటే మళ్ల ఆపింది. "ఒక్కటి నాకు ఉంచు."

ఇట్ల చేసిన. సర్వర్ల ఈ ప్లేయర్‌కు ఒక పాట ఇయ్యి, ఆ ప్లేయర్‌కు ఇయ్యకు అనే పద్ధతి నాకు నమ్మకంగ దొరకలే, ఒకనాడు మళ్ల కలిసిపోతది. అందుకే ఆ పాటను నెట్‌వర్క్ మీదనే లేకుంట చేసిన. పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చి టూ-ఇన్-వన్ లోపట బిగిచ్చిన. నాలుగో బటన్ పెట్టిన. అది ఒత్తితే ఆ పాటొక్కటే, ఆ పెట్టెలనే మోగుతది. అసలు కేసెట్ ఆమె ట్రంకు పెట్టెల ఉన్నది. కడమ ఎనిమిది మంది ఇండ్లకు పోయిన. ఇద్దరు పోయిండ్రు, వాళ్ల బిడ్డలను అడిగిన. ఒకామె పేరు తీసెయ్యమన్నది, కొడుకు కొలువుకు అడ్డమైతదేమో అన్నది. తీసేసిన. ఆమె కాడ ఇప్పుడు మళ్ల 'తెల్వని కళాకారుడు' అని వస్తున్నది, అది చూసినప్పుడల్ల నాకు మనసుల పడ్తలేదు, కని ఆమె మాట ఆమెది. కడమోళ్లు ఉంచుమన్నరు. ఒక చిన్నమ్మయితే పేరు పక్కన ఇంటి పేరు గుడ రాయమని దబాయిచ్చింది.

అవ్వ ఆ నాలుగో బటన్ ఒత్తంగ నేను ఇంతవరకు ఇనలే. ఒత్తుతదో లేదో గుడ తెల్వది, దాని మీద తునికాకు చూరు ఉంటది ఒక్కొక్కపారి. బాపు డప్పు మాత్రం దినాం ఏసుకుంటది. ఒక్క పక్క అయిపోయే కాడ కేసెట్ కట్ అయి దెబ్బ సగంల ఆగుతది, మీదికెళ్లి సినిమా డ్యూయెట్ రెండు సెకండ్లు వస్తది. ఆ ముక్క కోసేస్త అంటే వద్దన్నది.

పోయిన శుక్రవారం దుబాయ్ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేసిండు. అక్క పాట కనిపిస్తలేదన్నా, వాడకు తెలిసిందట కద, నేనొక్కన్నే ఇనలే, నాకన్న పంపు అన్నడు. ఫోన్ అవ్వకు ఇచ్చిన. అవ్వ చాట పక్కకు పెట్టి వాని మొకం జరసేపు చూసింది.

"పండుగకు వస్తవు కదరా," అన్నది, "ఈడికొచ్చినంక ఇను."